చుక్కల పొట్టేలు మీద ముప్ఫయ్యొక్క కేసులు

మార్ల్‌స్టో బజారు కూడలిలో ఉన్న చుక్కల పొట్టేలు అనే పబ్బులో పూర్వం ఒక రాజు పడుకున్నాడు. ఏ రాజు అన్నది మాత్రం డోర్కస్ టాలంటైర్ అడిగినవాళ్ల ముఖం చూసి చెప్పేది. లండన్ నుంచి కార్లలో వచ్చే భార్యాభర్తలకి తల తెగిన రాజు. పెళ్లికాని కుర్రవాళ్లకి ఆరుగురు పెళ్లాల రాజు. స్కాట్లండు వాళ్లొస్తే అసలు రాజే కాదు, వేషం మార్చుకుని పారిపోతున్న వాళ్ల యువరాజు. ఆయన పడుకున్న మంచం మాత్రం ఎప్పుడూ ఒకటే. దాన్ని డోర్కస్ అత్తగారు 1911లో ఒక వేలంపాటలో కొన్నది.

డోర్కస్‌కి యాభై ఎనిమిదేళ్లు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. భర్త సిరిల్ పోయాక తొమ్మిదేళ్లుగా పబ్బుని ఒంటిచేత్తో నడుపుతోంది. ఒక చేత్తో బీరు వంచుతూ, నురగ వంక చూస్తూ, ఏదో పక్కింటి పెద్దమనిషి సంగతి చెప్పినట్టు రాజుగారి సంగతి చెప్పేది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

కూడలికి అవతలివైపు ఉన్న పబ్బు పేరు బిషప్ టోపీ. దాని యజమాని యాంబ్రోస్ యెలండ్ మీసాలకి మైనం రాసి మొనలు తిప్పుకునే మనిషి. తన పబ్బుని ఎప్పుడో ఒక బిషప్పు స్వయంగా వచ్చి దీవించాడని చెప్పుకునేవాడు. డోర్కస్‌కీ అతనికీ 1951 నుంచి మాటల్లేవు. ఆ ఏడు చుక్కల పొట్టేలు తరఫున గోడ పలక మీదికి చిన్న బాణాలు విసిరే బాణాలాట జట్టులో ఉన్న మంచి ఆటగాణ్ణి యాంబ్రోస్ రోజుకో పంది మాంసం కచోరీ ఆశపెట్టి తన జట్టులోకి లాక్కున్నాడు. ఆ ఆటగాడు పోయి కూడా నాలుగేళ్లయింది. కోపం మాత్రం పోలేదు.

1967 మార్చిలో ఒక ఉదయం, ఆలివ్ పబ్బు తెరిచే వేళకి రొప్పుతూ వచ్చింది. ఆలివ్ అక్కడ బల్లలు తుడిచి బీరు అందించే మనిషి. నలభై దాటినా ఏ వార్తకైనా పరిగెత్తే రకం.

"మాంసం కొట్టు అద్దానికి కాగితం అంటించారక్కా. మన ఊరికి ఏడొందల ఏళ్లు నిండాయంట. జూన్‌లో పండగ చేస్తారంట. బిషప్పుగారొస్తారంట."

"వస్తే రానీ. ఆయన వెళ్లేది ఎదురుగుండాకే కదా."

"అది కాదక్కా. ఊళ్లోకల్లా పాత పబ్బు ఏదో తేల్చి, దానికి ఇత్తడి ఫలకం కొడతారంట."

డోర్కస్ తుడుస్తున్న గ్లాసు ఆగింది. "ఎన్ని ఫలకాలు?"

"ఒక్కటే."

"ఎవరు తేలుస్తారంట?"

"లగ్ టీచరుగారు."

నిప్పుగూడు పక్కన కూచున్న సేత్ గార్బట్ చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. అతనికి డెబ్బై నాలుగేళ్లు. సమాధిరాళ్లు చెక్కడం మానేశాక రోజూ పదకొండింటికి ఆ కుర్చీలో కూచోవడమే అతని పని. "అయిపోయావు డోర్కసూ," అన్నాడు.

మిస్ హెస్టర్ లగ్ ఊరి బడిలో నలభై ఏళ్లు లాటిన్ చెప్పింది. సగం ఊరికి ఆవిడే గురువు. మిగతా సగం ఆవిడ దగ్గర చదవకుండానే ఆవిడంటే భయపడేది. తాగుడు పాపమనే చాపెల్ శాఖ క్రైస్తవుల్లో గట్టి మనిషి కనక నాలిక మీద సారా చుక్క పడనివ్వలేదు, పబ్బు గడప తొక్కలేదు. పబ్బు ఉన్న వైపు కాలిబాట మీద కూడా నడిచేది కాదు. బజారు కూడలిలో రెండువైపులా పబ్బులే కనక అక్కడ నడిరోడ్డు మీద నడిచేది. డెబ్బై తొమ్మిదేళ్ల ఆవిడ దాటిపోయేదాకా బస్సులు ఆగేవి.

"ఆవిడకి రాజు కథ చెబితే సరిపోదు," అంది డోర్కస్ ఆలోచిస్తూ. "కంటికి కనబడేది ఏదైనా ఉండాలి. సేతూ, నువ్వు రాళ్లు ఎన్నేళ్లు చెక్కావు?"

"యాభై రెండు."

"కర్ర మీద అంకెలు చెక్కలేవూ?"

"ఏ అంకెలు?"

డోర్కస్ నిప్పుగూడు మీది నల్లటి దూలం వంక చూసింది. "పదిహేనొందల నలభై ఒకటి."

"అంత కచ్చితంగా నీకెలా తెలుసు?"

"పదిహేనొందలని గుండుగా చెబితే అబద్ధం అనుకుంటారు."

ఆ రోజుల్లో పబ్బులు మధ్యాహ్నం రెండున్నరకి మూసి సాయంత్రం ఐదున్నరకి తెరవాలని చట్టం. ఆ మూడు గంటల్లో, తలుపులు బిగించుకుని, సేత్ దూలం మీద అంకెలు చెక్కాడు. ఆలివ్ వాటికి పొయ్యి మసి, చల్లారిన టీ, నల్ల బీరు, చివరికి పంది కొవ్వు కూడా పట్టించింది. మూడు రోజులకి ఆ దూలం ఆ అంకెలతోనే చెట్టుకి కాసిందా అన్నట్టు తయారైంది. డోర్కస్ దూరం నుంచీ దగ్గర నుంచీ చూసి తృప్తిపడింది. పాపభీతి ఏమీ కలగలేదు. పదేళ్ల కిందటే ఈ పని ఎందుకు చెయ్యలేదా అనిపించింది.

తరవాతి వారం సేత్ రోజూ వచ్చే వేళకి రాలేదు. అరగంట ఆలస్యంగా, కూడలి దాటి వచ్చాడు.

"నీ మోచేతికి ఆ తెల్లటిదేంటి సేతూ?"

"పిండి."

"మీ ఇంట్లో పొయ్యి వెలిగి ఎన్నాళ్లయింది?"

సేత్ మోచెయ్యి దులుపుకున్నాడు. "అతనడిగాడు, చెక్కాను. నువ్వడిగినప్పుడు నీకూ చెక్కాను కదా. నా పనిలో, పోయినవాడు ఎవరివైపు వాడని అడగం."

"ఎంతని చెక్కావు?"

"అది చెప్పకూడదు. వృత్తి మర్యాద."

డోర్కస్ అతని ముందున్న గ్లాసు తీసి బల్ల లోపలివైపు పెట్టుకుంది.

"పదిహేనొందల ముప్పై ఎనిమిది," అన్నాడు సేత్ వెంటనే. "నేలమాళిగ రాయి మీద."

"అయితే నాది తగ్గించు."

"చెక్కిందాన్ని పూడ్చడం ఎలాగమ్మా? ఒకటిని నాలుగు చెయ్యమను, చేస్తాను. నాలుగుని ఒకటి చెయ్యడం నావల్ల కాదు."

అందుకని వెనక గుమ్మం రాయి మీద 1502 అని కొత్తగా వెలిసింది. ఆ సంగతి యాంబ్రోస్‌కి ఎలా తెలిసిందో గాని, నాలుగో రోజుకి బిషప్ టోపీ పెరట్లో గుర్రాల తొట్టి మీద 1495 కనబడింది. ఇలాగే వదిలేస్తే ఇద్దరూ కలిసి క్రీస్తు పుట్టిన నాటిదాకా వెనక్కి నడిచేవాళ్లే. కాని మిస్ లగ్ తనిఖీకి వచ్చే మంగళవారం వచ్చేసింది.

ఆవిడ సరిగ్గా మూడింటికి, పబ్బు మూసి ఉన్న వేళ చూసుకుని, జీవితంలో మొదటిసారి చుక్కల పొట్టేలు గడప తొక్కింది. కూచోమంటే కూచోలేదు. సంచిలోంచి భూతద్దం తీసి దూలం చూసింది. వెనక గుమ్మం దగ్గర వంగి రాయి చూసింది. డోర్కస్ మంచం కూడా చూపించబోయింది.

"రాజు ఎవరు?" అంది మిస్ లగ్.

ఆ ముఖం చూసి ఏ రాజు పేరు చెప్పాలో డోర్కస్‌కి మొదటిసారి తోచలేదు. "రకరకాలుగా చెప్పుకుంటారండీ," అంది.

"ఎవరు చెప్పుకుంటారు?"

మిస్ లగ్ భూతద్దం మూసి బిషప్ టోపీకి వెళ్లింది. పావుగంటకి బయటికొచ్చి, కూడలి మధ్యనున్న చేతిపంపు దగ్గర నిలబడి, గొడుగుతో అందర్నీ పిలిచింది. డోర్కస్ ఇటునుంచి, యాంబ్రోస్ అటునుంచి వచ్చారు. సేత్ గార్బట్ సందులోకి తప్పుకోబోయాడు.

"సేత్. ఇటు రా."

సేత్ చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు.

"మా నాన్నగారి సమాధి మీద పంతొమ్మిది వందల ఇరవై ఐదు అని ఎవరు చెక్కారు?"

"నేనే టీచరుగారూ."

"ఆ ఐదుకి తోక ఎలా ఉంటుంది?"

సేత్ తన బూట్లు చూసుకున్నాడు.

"పంది తోకలా మెలితిరిగి ఉంటుంది," అంది మిస్ లగ్. "నలభై రెండేళ్లుగా ప్రతి ఆదివారం పూలు పెడుతూ ఆ తోకనే చూస్తున్నాను. ఇవాళ ఒక్కపూటలో దాన్ని నాలుగుచోట్ల చూశాను. నువ్వు చాలా పెద్దవాడివే అనుకున్నాను గాని, ఐదొందల ఏళ్ల వాడివని తెలీదు."

యాంబ్రోస్ మీసం మొన నోట్లోకి పోయింది. డోర్కస్‌కి నవ్వొచ్చింది. తన పేరు కూడా అందులో ఉందని గుర్తొచ్చి ఆపుకుంది.

"గురువారం తొమ్మిదింటి బస్సు," అంది మిస్ లగ్. "ఇద్దరూ నాతో జిల్లా రికార్డుల ఆఫీసుకి వస్తున్నారు. చరిత్ర ఎక్కడుంటుందో చూద్దురు గాని."

"గురువారం నాకు పీపాలొస్తాయండీ," అన్నాడు యాంబ్రోస్.

"ఆలివ్ దించుకుంటుంది. రెండుచోట్లా."

గురువారం బస్సులో మిస్ లగ్ చివరి సీటులో మధ్యన కూచుని, చెరోపక్కన ఇద్దర్నీ కూచోబెట్టుకుంది. దారిలో ఉడకబెట్టిన గుడ్లు పంచింది. యాంబ్రోస్ తన గుడ్డు ఒలిచి, చాలాసేపు చేతిలో పట్టుకుని, చివరికి కిటికీ వైపు చూస్తూ అన్నాడు.

"ఉప్పుందా?"

పదహారేళ్లలో అదే మొదటి మాట. డోర్కస్ తన పొట్లం వంక చూసుకుంది. "ఉంది."

బస్సు ఒక మైలు నడిచింది.

"ఇస్తావా?"

"ఉందా అని కదా అడిగావు. ఉందని చెప్పాను."

"డోర్కస్," అంది మిస్ లగ్. డోర్కస్ ఉప్పు ఇచ్చింది.

రికార్డుల ఆఫీసులో సన్నటి గుమాస్తా ఒకాయన, పిల్లల్ని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పాత తోలు కవిలెలు తెచ్చి బల్ల మీద పరిచాడు. మిస్ లగ్ కళ్లజోడు మార్చుకుంది. మొదట బిషప్ టోపీ సంగతి తేలింది. ఆ ఇంట్లో పబ్బు పెట్టి నూట నలభై ఏళ్లు కూడా కాలేదు. అంతకుముందు అది కొవ్వొత్తులు పోసేవాడి కొట్టు. దానికి ముందు అక్కడ పందుల్ని కట్టేసేవారు.

"మరి బిషప్పుగారు దీవించారని మా తాత అనేవాడే," అన్నాడు యాంబ్రోస్ నీరసంగా.

"కొవ్వొత్తులు కొనుక్కోడానికి వచ్చుంటాడు," అంది డోర్కస్.

గుమాస్తా తలెత్తి చూశాడు. మిస్ లగ్ ఇంకో కవిలె విప్పింది. "ఇప్పుడు నీ వంతు. నవ్వు తరవాత నవ్వుకో."

ఆవిడ వేలు గీతల మీద నడుస్తూ ఒకచోట ఆగింది. 1594. పంపు పక్కనున్న, పొట్టేలు బొమ్మ వేలాడే ఇల్లు. బీరు కాచి అమ్ముకునే విధవ అలీస్ క్రంప్. నేరం, బీరులో నీళ్లు కలపడం.

"అయితే మనదే పాతది," అంది డోర్కస్, ఒక్క క్షణం నీళ్ల సంగతి మరిచిపోయి.

"ఇంకా ఉంది," అంది మిస్ లగ్.

ఇంకా చాలా ఉంది. ఆదివారం ప్రార్థన జరుగుతుండగా తలుపులు బార్లా తెరిచి అమ్మినందుకు అలీస్ క్రంప్ మీద కేసు. ముంతల అడుగున మైనం పోసి కొలత తగ్గించినందుకు కేసు. ఊళ్లో బీరు రుచి చూసి పాసు చేసే అధికారిని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోళ్లగూట్లో పెట్టి గొళ్లెం వేసినందుకు కేసు. ఆ కేసు విచారిస్తుండగా కోర్టులోనే ఆ అధికారి గూట్లోంచి బయటికొచ్చిన తీరు అభినయించి చూపించినందుకు మరో కేసు. మిస్ లగ్ మొదట పాఠం చెబుతున్నట్టు ఒక్కొక్కటీ శ్రద్ధగా లాటిన్‌లోంచి విప్పి చెప్పింది. పదో కేసు దగ్గర ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. ఇరవయ్యో కేసు దగ్గర దగ్గొచ్చిందని రుమాలు అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం దగ్గుకి ఊగే తీరులో ఊగడంలేదు.

మొత్తం ముప్ఫయ్యొకటి. ఆఖరిది అన్నిటికన్నా పొడుగు. ఊళ్లో అంటురోగం వచ్చి రెండు నెలలు సారా ఇళ్లన్నీ మూయించారు. ఆ రెండు నెలల్లో అలీస్ క్రంప్ బీరు పీపాల్ని శవపేటికలో పెట్టి, వెనక ఏడ్చేవాళ్లని ఏర్పాటు చేసి, శ్మశానం అవతలి గడ్డిపాకకి చేరవేసింది. వారంలో మూడు శవాలు లేచాయి. ఊరి అధికారి మూడుసార్లూ టోపీ తీసి పక్కకి నిలబడ్డాడు. నాలుగోసారి పాపం ఎవరు పోయారని మోసేవాళ్లని అడిగాడు. నలుగురూ నాలుగు పేర్లు చెప్పారు. అందులో ఒకటి ఆ అధికారి పేరే.

యాంబ్రోస్ బల్ల మీద తల పెట్టేసుకుని నవ్వాడు. గుమాస్తా ముందు కోప్పడబోయి, తనూ వచ్చి భుజం మీంచి చదివాడు.

డోర్కస్ నవ్వలేదు. తను ముప్ఫయ్యేళ్లుగా నిలబడి బీరు వంచే చోటే ఒక ఆడమనిషి నిలబడి ఉండేదని, ఆ మనిషికి పేరు కూడా ఉందని ఆమెకి ఎన్నడూ తోచలేదు. రాజుల్ని వెతికింది గాని పబ్బు నడిపినవాళ్లని వెతకలేదు.

"ఆవిడకి ఏం శిక్ష వేశారు టీచరుగారూ?"

"ఒక రోజు బొండకొయ్యలో కాళ్లు పెట్టించారు. ఆ రోజు కూడా జనానికి అక్కణ్ణుంచే బీరు అమ్మిందేమో, ఇక్కడ ఏమీ రాయలేదు."

"తరవాత?"

మిస్ లగ్ చర్చి మరణాల పుస్తకం తెప్పించి వెతికింది. "ముసలితనంలో పోయింది. ఊరంతా వెంట నడిచిందట." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అధికారి మాత్రం పేటిక మూత తీయించి చూశాడట."

తిరుగు బస్సులో డోర్కస్ అడక్కుండానే యాంబ్రోస్‌కి ఉప్పు పొట్లం ఇచ్చింది.

మిస్ లగ్ మూడు పేజీల నివేదిక రాసి కౌన్సిల్‌కి ఇచ్చింది. వారం తిరక్కుండా మేయరు స్ప్రోట్ చుక్కల పొట్టేలుకి వచ్చాడు. విత్తనాల వ్యాపారి, మంచివాడే, కాని పెద్దవాళ్లు ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని పుట్టినప్పటి నుంచీ భయపడుతున్న మనిషి.

"ఫలకం నీదేనమ్మా," అన్నాడు. "రాసే మాటలు కూడా ఖాయం చేశాం. ఇక్కడ ఒక రాజు విశ్రమించినట్టు ప్రతీతి, అని."

"ఏ రాజు?" అంది డోర్కస్.

"అదే నిన్నడిగి తెలుసుకుందామని."

డోర్కస్ గుడ్డ కింద పెట్టింది. "రాజూ రాలేదు, ఎవరూ రాలేదు స్ప్రోట్‌గారూ."

"అదేంటి, నా పెళ్లినాడు నాకు నువ్వే కదా చెప్పావు?"

"ఆ రోజు మీ ముఖం చూస్తే ఏదో ఒకటి చెప్పాలనిపించింది. ఇత్తడి మీద అలీస్ క్రంప్ పేరు వేయించండి. టీచరుగారు రాసిచ్చిందేగా."

మేయరు ముఖం కందగడ్డ అయింది. "శవపేటికలో బీరు మోయించిన మనిషి పేరు మీద ముసుగు తియ్యమని బిషప్పుగారిని పిలవనా? రాజు ఉంటే ఫలకం ఉంటుంది. లేకపోతే లేదు."

"అయితే లేదు," అంది డోర్కస్. అని, తనే ఆశ్చర్యపోయింది. ఆ ఫలకం కోసం ఆమె గడపరాయి కూడా పాడుచేసుకుంది.

కౌన్సిల్ బాగా ఆలోచించి ఫలకాన్ని చేతిపంపుకి బిగించాలని తీర్మానించింది. దాని మీద రాసే మాటలు, ఈ పంపు చాలా పాతది, అని.

ఈలోగా బిషప్ టోపీలో యాంబ్రోస్ పరిస్థితి బాగాలేదు. రోజూ వచ్చేవాళ్లే బల్ల దగ్గర నిలబడి, "ఒక పైంటు బీరు, రెండు కొవ్వొత్తులు," అని అడుగుతున్నారు. కొందరు పందిలా గుర్రుమంటున్నారు. మే నెల చివర్లో ఒక మధ్యాహ్నం డోర్కస్ కూడలి దాటి అతని తలుపు కొట్టింది.

"నువ్వూ కొవ్వొత్తులకే వచ్చావా?" అన్నాడు యాంబ్రోస్.

"మొయ్యడానికి ఒకడు తక్కువయ్యాడు. నీ భుజాలు బాగానే ఉన్నాయిగా?"

"ఏం మొయ్యాలి?"

"శవపేటిక."

యాంబ్రోస్ మీసం మొనలు పైకి లేచాయి. "ఎవరు పోయారు?"

"నీకు నచ్చిన పేరు చెప్పుకో."

పండగ రోజు శనివారం. కూడలి నిండా జనం. పంపు పక్కన వేదిక, దాని మీద మేయరు, బిషప్పు, కౌన్సిల్ సభ్యులు, చివర కుర్చీలో మిస్ లగ్. నాలుగింటికి బాజాలు ఆగాయి. బిషప్పు లేచి నీటి మహిమ గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. పంపు తప్ప చెప్పుకోడానికి ఏమీ లేకపోతే పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు.

అప్పుడు చర్చి సందులోంచి శవయాత్ర వచ్చింది. ముందు పొడుగు టోపీతో సేత్ గార్బట్, యాభై రెండేళ్లు శ్మశానాల్లో తిరిగిన మనిషికి ఉండే గాంభీర్యంతో అడుగు తీసి అడుగు వేస్తున్నాడు. వెనక యాంబ్రోస్, ఇద్దరు బాణాలాటగాళ్లు, ఒక లారీ డ్రైవరు భుజాల మీద పేటిక. దాన్ని సేత్ తనకి తెలిసిన వడ్రంగి దగ్గర ఒక పూటకి అడిగి తెచ్చాడు. దాని వెనక నల్లముసుగులో డోర్కస్. ఆమె పక్కన ఆలివ్ నిజంగానే వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఏడవమని చెప్పినప్పుడు అంత బాగా ఏడుస్తుందని ఎవరూ అనుకోలేదు.

జనం పాయలా విడిపోయి దారిచ్చారు. మగవాళ్లు టోపీలు తీశారు. మేయరు స్ప్రోట్ అందరికన్నా ముందు తీశాడు. బిషప్పు ఉపన్యాసం ఆపి, చెయ్యెత్తి దీవించాడు. ముసుగు కింద డోర్కస్ పెదవి రక్తం వచ్చేలా కొరుక్కుంది.

"పాపం, ఎవరు పోయారు?" అని బిషప్పు పక్కకి వంగి మిస్ లగ్‌ని అడిగాడు.

ఆవిడ లేచి నిలబడి ఉంది. పేటిక వంక, దాని కింద యాంబ్రోస్ వంక, చివర డోర్కస్ వంక చూసింది. "అలీస్ క్రంప్ అని," అంది. "ఈ ఊళ్లో చాలా పాత కుటుంబం." జన్మలో అబద్ధం ఆడని మనిషి ఆవిడ. ఇప్పుడూ ఆడలేదు.

అంతా సవ్యంగా జరిగిపోయేదే. కాని పేటికలోని పీపా బిరడా కుదుపులకి వదులైంది. పేటిక మూల నుంచి ఒక్కొక్క చుక్కే రాళ్ల మీద పడటం మొదలైంది. మాంసం కొట్టువాడి కుక్క ముందు వాసన చూసింది, తరవాత నాకింది, తరవాత శవయాత్రలో చేరింది. రెండు సందులు దాటేసరికి వెనక నాలుగు కుక్కలు ఉన్నాయి. వాటి వెనక, నేల వంక చూస్తూ, కానిస్టేబులు రడ్.

కుక్కల్ని చూసిన జనం ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. మిస్ లగ్ నివేదిక సంగతి ఊళ్లో తెలియనిది ఎవరికి? శ్మశానం అవతలి గడ్డిపాకలో యాంబ్రోస్ మూత తీసేసరికి సగం కూడలి అక్కడే ఉంది. డోర్కస్ ముసుగు వెనక్కి వేసి, మొదటి గ్లాసు నింపి సేత్‌కి ఇచ్చింది. సేత్ జేబులోంచి ఒక నాణెం తీసి ఆమె చేతిలో పెట్టాడు. బిషప్పు కూడా గౌను ఎత్తిపట్టుకుని గడ్డిలోంచి నడిచి వచ్చాడు.

"పరామర్శకి వచ్చానమ్మా," అన్నాడు. ఆయనకి అరగ్లాసు పోసింది.

కానిస్టేబులు రడ్ అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చేసరికి నాలుగు ముప్పావు. అతను వయసులో చిన్నవాడు. ఎదురుగా బిషప్పు మూతికి నురగ ఉంది. ఏం చెయ్యాలో తోచక పుస్తకం తీశాడు.

"డోర్కసమ్మా, ఐదున్నర కాలేదు. ఇది అమ్మకం కాదు కదా? ఊరికే ఇచ్చినట్టేగా?" పెన్సిల్ గాలిలోనే ఉంచి, ఆమెకి దారి చూపిస్తున్నట్టు తల ఊపాడు. "ఊరికే ఇస్తే నేను రాయక్కర్లేదు."

యాంబ్రోస్ వెనకనుంచి డోర్కస్ మోచేతిని పొడిచాడు. డోర్కస్ గుప్పిట్లో ఉన్న నాణెం చూసుకుంది. అది సేత్ జేబులో వేసేస్తే సరిపోయేది.

"అమ్మాను," అంది. "రాసుకో నాయనా. పేటిక సంగతి కూడా రాయి. ఎవరెవరు టోపీ తీశారో కూడా రాయి."

పది రోజులకి సమన్లు వచ్చాయి. డోర్కస్ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. తరవాత కోటు వేసుకుని, పబ్బు ఆలివ్‌కి అప్పగించి, పోలీసు స్టేషనుకి నడిచింది.

"పేరు తప్పు పడింది," అంది కాగితం బల్ల మీద పెట్టి. "డోరిస్ వాలంటైన్ ఎవరు?"

రడ్ కాగితం చూసి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గమ్మునుండమ్మా. పేరు తప్పయితే కోర్టులో కొట్టేస్తారు. నేను కావాలనే..."

"కొట్టెయ్యడానికి వీల్లేదు. మూడొందల ఏళ్ల తరవాత ఎవరో వచ్చి చదువుకోవద్దూ? దిద్దు. డోర్కస్. టాలంటైర్‌లో రెండు ఎల్‌లు."

రడ్ నిట్టూర్చి కలం తీసుకున్నాడు. అతను ఒక్కొక్క అక్షరం రాస్తుంటే ఆమె బల్ల మీద వంగి చూసింది. సిరా ఆరేదాకా అక్కడే నిలబడింది.